చిటికెడా, పిడికెడా?

ఖాలా పోయిందని డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వంకాయలు తరుగుతున్నాను. ఆ మాట విన్నాక నేను చేసిన మొదటి పని, ఉప్పునీళ్ళలో తేలుతున్న ముక్కల గిన్నె మీద గబగబా మూత పెట్టడం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మనిషి ఇక లేదని తెలిశాక కూడా ఎక్కడ చూసేస్తుందోనని భయపడ్డానంటే, ఆవిడ నన్ను ఎంత అదుపులో పెట్టుకుందో మీరే చూడండి.

వంకాయలు మా ఆయన కోసమే. ఒట్టు.

అమ్మ తోడబుట్టినదాన్ని ఉర్దూలో ఖాలా అంటారు. జహనుమాలో పరుపులు కుట్టే దుకాణం పైన ఉన్న చిన్న ఆయుర్వేద క్లినిక్‌లో ఆడవాళ్ళకు నూనె రాసే మనిషి ఆవిడ. అక్కడికి వచ్చే అందరికీ, ఆవిడ కంటే వయసులో పెద్దవాళ్ళకు కూడా, ఖాలాయే. అసలు పేరేమిటో ఐదేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. అడగాలని తోచలేదు.

నా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి అర్థం కాదు. నాకు సోరియాసిస్. ముప్పై ఎనిమిదో ఏట మోచేతుల మీద మొదలై, తలలోకి పాకి, చివరికి మోకాళ్ళ నుంచి పాదాల దాకా కాళ్ళ ముందువైపంతా పరుచుకుంది. ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. కూర్చుని లేస్తే కుర్చీ మీద రాలేవి. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం రావడంతో తెనాలి వైపు నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన వాళ్ళం. నేను చాంద్రాయణగుట్టలో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. నా భుజం మీద రాలేది సుద్దపొడి అనుకునేవారు పిల్లలు. పాపం, అలాగే అనుకోనిచ్చాను. స్కిన్ డాక్టర్లు మందులిచ్చారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. పదిహేనేళ్ళు నల్లచీర కట్టలేదు. పొద్దున మా ఆయన లేవకముందే పక్క దులిపేదాన్ని. ఆయన ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అయినా దులిపేదాన్ని.

అలా ఎన్నాళ్ళయినా గడిపేసేదాన్నేమో. మా అమ్మాయికి నాలుగో నెల అని ఫోన్ వచ్చింది. ఒక్కతే కూతురు. సంతోషంతో ఫోన్ చెవికి అదుముకున్నాను. అది గడగడా మాట్లాడేస్తోంది. పురిటికి మన ఇంటికే వస్తానంది, ఉయ్యాల అటక మీద నుంచి దింపమంది. చివర్లో, "అమ్మా, బిడ్డకి నీళ్ళు నువ్వే పోయాలి. మనిషిని పెడతానంటే ఊరుకోను," అంది.

మా వైపు పసిబిడ్డకు నీళ్ళు పోయడం అమ్మమ్మ హక్కు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు చాపి, ఆ రెండు కాళ్ళ మధ్య పల్లంలో బిడ్డను పడుకోబెట్టుకుంటాం. నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, చెంబుతో వేణ్ణీళ్ళు. మా అమ్మాయికి మా అమ్మ అలాగే పోసింది. నేను ఫోన్ పెట్టేసి, తలుపు గడియ వేసుకుని, చీర పైకి తీసి నా కాళ్ళు చూసుకున్నాను. ఈ కాళ్ళ మీదా?

ఐదు నెలల టైముంది. ఎలాగైనా ఈ కాళ్ళు బాగు చేసుకోవాలి. స్టాఫ్‌రూములో ఎవరో చెబితే జహనుమా వెళ్ళాను.

కింద దుకాణంలో దూది ఏకుతుంటారు. ఆ మెట్లెక్కేసరికి తల మీదా భుజం మీదా తెల్లటి పింజలు పడతాయి. ఆ మెట్ల మీద ఎవరి భుజం చూసినా తెల్లగానే ఉంటుంది. నాకు ఆ చోటు మీద అక్కడే గురి కుదిరింది.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నా పాత చీటీలన్నీ ఓపిగ్గా చదివింది. రక్తపరీక్షలు చేయించింది. "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు మేడమ్, అదుపులో పెట్టుకునే జబ్బు. స్కిన్ డాక్టర్ ఇచ్చినవి మీ అంతట మీరు ఆపకండి," అని ముందే చెప్పింది. తర్వాత జాబితా చదివింది. పరగడుపున మూలికలతో కాచిన చేదు నెయ్యి. పొద్దున నడక. పదింటికల్లా నిద్ర. పెరుగు, ఆవకాయ, గోంగూర, వంకాయ, ఎండుచేపలు బంద్. ఇంక నేను బతకడం ఎందుకమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "నూనె గదిలోకి వెళ్ళండి, ఖాలా చూసుకుంటుంది," అంది.

సన్నగా, పొట్టిగా, ముక్కుకు పుడకతో ఒక ముసలావిడ. నన్ను చూసి ముందు గాజులు తీసి మేకుకు తగిలించింది. నూనె గిన్నెలో వేలు ముంచి తన మణికట్టు మీద రాసుకుని వేడి చూసుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"నల్లగుడ్డ తెచ్చినవా?"

"నల్లగుడ్డేమిటి? డాక్టరమ్మ చెప్పలేదే!"

"డాక్టరమ్మ చెప్పదు. అది నా మందు."

"నల్లది మా ఇంట్లో లేదు. నాకు పడదు."

"తెలుసు బిడ్డా. గందుకే తెమ్మంటున్న."

చివరికి తన పాత బురఖాలోంచి కత్తిరించిన గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి నన్ను కూర్చోమంది. చీర తియ్యమంటే నేను కొంగు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. గోడ వైపు తిరిగి నూనె కలుపుతూ తన కోడలి మీద ఫిర్యాదులు మొదలెట్టింది. బగారా బైంగన్‌లో చింతపండు ఎక్కువ వేస్తుందట, చెప్తే వినదట. ఆ కోడలి సంగతి వింటూ వింటూ నాకు తెలియకుండానే కొంగు వదిలేశాను.

నూనె రాసే ముందు ఆవిడ పొడి అరచేత్తో, గీరకుండా, నా కాళ్ళ మీదుగా మెల్లగా నిమిరింది. రాలేవి రాలాయి. నన్ను లేపి, ఆ గుడ్డను నాలుగు కొసలూ పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వెలుతురులో పెట్టి, బియ్యంలో రాళ్ళు చూసినట్టు చూసింది. నేను పదిహేనేళ్ళు ఎవరి కంటా పడకుండా దులిపి పారేసినదాన్ని ఒక మనిషి అలా తీరిగ్గా చూడటం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పిడికెడు," అంది ఖాలా. అంతే. అయ్యో అనలేదు, ఛీ అనలేదు.

ఆ గుడ్డ అంచుకు పసుపు దారంతో కుట్టు వేసి నాకిచ్చేసింది. ప్రతి మనిషికీ ఒక గుడ్డ, ఒక్కో రంగు దారం. ఎవరి గుడ్డ వాళ్ళు ఉతికి తెచ్చి, ఆ గదిలో మేకులకు తగిలించాలి. చదువు రాని ఆవిడ కేసుషీట్లు అవే. నాకు పసుపే ఎందుకిచ్చావు ఖాలా అని ఒకసారి అడిగాను, ఏదో మంచి మాట చెబుతుందని. "గదే మిగిలింది," అంది.

అప్పటి నుంచి వారానికి మూడుసార్లు, స్కూలు అవగానే. వెళ్ళగానే ఒకటే ప్రశ్న.

"రాత్రి ఏం తిన్నవ్?"

"బీరకాయ కూర, మజ్జిగ పులుసు లేదు, పెరుగు లేదు."

"మాట తడబడ్తున్నది. ఇంకేం తిన్నవ్?"

"ఏం లేదు ఖాలా."

"టీచరమ్మా! పిల్లలు అబద్ధమాడితే బెంచీ ఎక్కిస్తవ్ గద. ఎక్కు బల్ల."

ఆవకాయ బద్ద ఒక్కటంటే ఒక్కటి నాకినా పట్టేసేది. రంజాన్ నెలలో మాత్రం, ఉపవాసంతో పెదాలు ఎండిపోయి ఉన్నా పనికి వచ్చేది గానీ, ఆ ప్రశ్న వేసేది కాదు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకుని, "నక్కో అమ్మా, నక్కో! నేను రోజాల ఉన్న," అనేది. ఆ నెల మేమందరం కాస్త రుచిగా తిన్నాం.

గుడ్డ చూసి ఆవిడ చెప్పేవి వింటే ఎవరికైనా మతిపోతుంది. "నిన్న ఎవరితోనో లొల్లి పెట్టుకున్నవ్," అనేది. నిజమే, పరీక్ష పేపర్ల దగ్గర మా హెడ్మాస్టరుతో పెద్ద గొడవ. "రెండు దినాల సంది నడకకు పోతలేవు," అనేది. అదీ నిజమే, వాన. నాకు ఒళ్ళు జలదరించేది. లెక్కల టీచర్ని, నమ్మకూడదు. నమ్మేదాన్ని.

వైద్యం మొదలెట్టిన మూడో నెల వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, "అర పిడికెడు," అంది. ఆ తర్వాత ఒకరోజు, "చిటికెడుకు దగ్గర పడ్డది." మోచేతులు దాదాపు తేటపడ్డాయి. తల బాగుంది. కాళ్ళు మాత్రం మొండికేశాయి. మచ్చలు పలచబడ్డాయి గానీ ఉన్నాయి.

"కాళ్ళు ఆఖరుకు వస్తయ్," అనేది ఖాలా. "సబర్ చెయ్యి."

సబర్ అంటే ఓర్పు. అది నా దగ్గర ఎప్పుడూ లేదు.

అమ్మాయికి ఏడో నెలలో సీమంతం చేశాం. పీటల మీద కూతురికి గాజులు తొడిగి లేస్తుంటే నా చీర కుచ్చిళ్ళు కాస్త పైకి వెళ్ళినట్టున్నాయి. మా వియ్యపురాలు నన్ను పక్కకు పిలిచి, చాలా నెమ్మదిగా, "వదినగారూ, ఏమీ అనుకోకండి. కాళ్ళ మీద అదేమిటి? పసిబిడ్డకి అంటుకోదు కదా?" అంది. ఆవిడ మంచి మనిషి. మంచి మనిషి అడిగింది గనకే ఆ మాట నాకు గుచ్చుకుంది. అంటుకోదండీ, అంటువ్యాధి కాదు అని చెప్పాను. చెప్తూనే కుచ్చిళ్ళు కిందకి లాక్కున్నాను.

మర్నాడు ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. ఒక్క సూదితో పోతుందని తోటి టీచరు ఎప్పటి నుంచో చెబుతోంది. ఏం మందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మరుసటి నెల ఇంకొకటి కూడా వేయించుకున్నాను. ఏం చెప్పమంటారు! మొదటి సూది పడ్డ పది రోజుల్లోనే నా కాళ్ళు నాకే కొత్తగా కనిపించాయి. నున్నగా, పదహారేళ్ళ పిల్ల కాళ్ళలా. చేదు నెయ్యి మానేశాను. స్కిన్ డాక్టర్ మందులూ మానేశాను. గోంగూర పచ్చడి తిన్నాను.

ఆ పది రోజులూ జహనుమా మానేసి, పదకొండో రోజు ఆ మెట్లు రెండేసి ఎక్కాను. ఖాలా మామూలుగానే గాజులు తీసి మేకుకు పెట్టింది, నిమిరింది, గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అందులో ఏమీ లేదు. నల్లగా, శుభ్రంగా ఉంది. ఆవిడ చాలాసేపు చూసింది. నేను మెప్పు కోసం ఎదురు చూస్తున్నాను.

"సూది తీస్కున్నవా?"

"లేదు ఖాలా."

ఆవిడ గుడ్డ మడిచింది. మేకు మీద నుంచి గాజులు తీసి మళ్ళీ తొడుక్కుంది. నూనె జోలికి పోలేదు.

"గిది నా చెయ్యి చేసింది గాదు. నా చెయ్యి ఇంత జల్దీ చెయ్యదు. డాక్టరమ్మకు చెప్పు, ఇప్పుడే చెప్పు."

ఖాలా కేకేస్తే డాక్టరమ్మ వచ్చింది. అలాంటి సూదులతో అణిగింది రెట్టింపై తిరగబడుతుందని, వెంటనే స్కిన్ డాక్టర్‌కు చూపించుకోమని చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తగ్గితే సంతోషించాల్సింది పోయి ఇదేం గోల? నాకు కావలసింది నా కూతురి బిడ్డకు నీళ్ళు పోసుకోవడం. మీ చిటికెళ్ళూ పిడికెళ్ళూ మీ దగ్గరే ఉంచుకోండి. మీ గుడ్డ కూడా!" అని అరిచి చెప్పులేసుకున్నాను.

"గుడ్డ ఈడనే ఉంటది," అంది ఖాలా నా వెనకాల. "నీ మేకు ఇంకెవ్వరికీ ఇయ్యను."

మనవరాలు పుట్టింది. మూడు కిలోలు, తలనిండా జుట్టు. పదకొండో రోజు పురిటిస్నానం, ఆ రోజు నుంచి నీళ్ళు నావి. సున్నిపిండి నేనే విసిరి పెట్టుకున్నాను. పదో రోజు పొద్దున నాకు చలిజ్వరం వచ్చింది. సాయంత్రానికి ఒళ్ళంతా ఎర్రబడింది. కాళ్ళు, వీపు, పొట్ట, అంతకు ముందెన్నడూ లేని చోట్ల కూడా. రెండో రోజుకు చర్మం పగిలింది. పెద్దాసుపత్రిలో స్కిన్ డాక్టర్ ఏ సూది, ఎవరిచ్చారు అని అడుగుతుంటే తల దించుకుని నిలబడ్డాను, హోంవర్కు చేయని పిల్లలా. నాలుగు రోజులు ఉంచుకుని పంపించారు.

ఇంట్లో నీళ్ళు పోయడానికి మనిషిని పెట్టారు. తలుపవతల పిల్ల ఏడుపు వినబడుతుంటే, నేను కాళ్ళకు మేజోళ్ళు వేసుకుని ముందుగదిలో కూర్చునేదాన్ని. పిల్లను ఎత్తుకోలేదు. అంటుకోదని నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను, ముగ్గురు డాక్టర్లు చెప్పారు. అయినా చేతులు చాపలేకపోయాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. మా అమ్మాయి ఒకసారి, "అమ్మా, దీన్ని ఒక్కసారి చూడవా?" అని ఏడ్చింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఖాలా. అంతకు ముందెప్పుడూ మా ఇంటికి రాలేదు. అడ్రస్ డాక్టరమ్మ ఇచ్చిందట. చేతిలో ప్లాస్టిక్ సంచీ. నన్ను చూసింది, మేజోళ్ళు చూసింది. సంచీలోంచి గుడ్డ తీసి కుర్చీ మీద వేసింది.

"నువ్వు రాలె. పసుపు దారం ఒక్కతే కూసున్నది మేకు మీద. తోల్కొచ్చిన."

నేను భోరున ఏడ్చాను. తప్పు చేశాను ఖాలా అన్నాను. "హౌ, చేసినవ్," అంది. ఓదార్చలేదు. లోపలి గదిలోకి చూసింది. మంచం మీద మా అమ్మాయి, పక్కన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మా వియ్యపురాలు ఉన్నారు.

"బిడ్డకు తానం ఎవరు చేపిస్తున్నరు?"

"మనిషిని పెట్టామండీ," అంది మా వియ్యపురాలు. "వదినగారికి ఒంట్లో బాగోలేదు గదా. చిన్నపిల్ల, మళ్ళీ ఏమన్నా…"

ఖాలా కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. గాజులు తీసి నా ఒళ్ళో పడేసింది. లోపలి గదిలోకెళ్ళి రెండు అరచేతులూ వియ్యపురాలి ముందు పెట్టింది.

"జర చూడమ్మా. ఏడనన్న మచ్చున్నదా?"

"లేదు."

"తిప్పి చూడు. గోళ్ళు చూడు."

ఆవిడ చూసింది. నేనూ అప్పుడే మొదటిసారి ఆ చేతులు సరిగ్గా చూశాను. ఎప్పుడూ నూనెలో నాని, మొహం కంటే ముప్పై ఏళ్ళు చిన్నవిగా ఉన్నాయి.

"ముప్పై ఏండ్ల సంది గిదే పని. ఎంతమంది కాళ్ళో, ఎంతమంది వీపులో నాకు లెక్క రాదు, టీచరమ్మకు వస్తది. గీ చేతులతోని వాళ్ళకు నూనె రాసిన. గీ చేతులతోనే ఇంటికి పోయి పిండి పిసికిన, మనవలకు తానం చేపించిన. అంటుకునేదైతే నన్ను ఇడ్సిపెడ్తదా?"

మా వియ్యపురాలు ఆ చేతుల వంక ఇంకాసేపు చూసి, ఒళ్ళో ఉన్న బిడ్డను రెండు చేతులతో ఎత్తి ఖాలా చేతుల్లో పెట్టింది. ఖాలా బిస్మిల్లా అనుకుని, తిన్నగా ముందుగదిలోకి వచ్చి, బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. నాకు వద్దనే వ్యవధి కూడా ఇవ్వలేదు.

పాతిక రోజుల పిల్ల. పాలవాసన.

"ఎత్తుకునుడు ఇయ్యాలే," అంది ఖాలా. "తానం ఇప్పుడు గాదు. ముందు పగుళ్ళు మాననియ్యి. నీళ్ళు తగిలితే నీకు మంట, నీ మొహం చూస్తే పిల్లకు భయం. ఆస్పత్రి మందు ఆస్పత్రి మందే, వాళ్ళు చెప్పేదాక ఇడ్వకు. మా నూనె ఎప్పుడు మొదలువెట్టాల్నో డాక్టరమ్మ చెప్తది. ఫికర్ చెయ్యకు. నీ కాళ్ళు యాడికి పోతయ్?"

పగుళ్ళు మానాక మళ్ళీ జహనుమా, మళ్ళీ బల్ల. మొదటి రోజు గుడ్డ చూసి, "రెండు పిడికెళ్ళు," అంది. నా కళ్ళు నిండాయి. "ఏడిస్తే ఇంకో పిడికెడు," అంది.

అప్పుడే అడిగాను. గుడ్డ చూసి లొల్లి సంగతీ, నడక సంగతీ ఎలా చెప్పేస్తావు ఖాలా అని. ఆవిడ పకపకా నవ్వింది. "గుడ్డ మీద ఏముంటది? లొల్లి నీ మొహం మీద ఉంటది. వానొస్తే ఎవ్వలు నడుస్తరు? గుడ్డ చూసుడు నా కోసం గాదు బిడ్డా, నీ కోసం. మీరంతా దులిపి పారేస్తరు. ఎంతున్నదో చూస్తలేరు, ఎంత తగ్గిందో కూడ చూస్తలేరు." తర్వాత నా మోకాలి మీద ఒకటి వేసి, "సూది సంగతి మాత్రం గుడ్డ మీదనే ఉండె," అంది.

పిల్లకు మూడో నెల వచ్చింది. వచ్చే వారం మా అమ్మాయి అత్తవారింటికి వెళ్తుందనగా ఒక శుక్రవారం ముహూర్తం నేనే పెట్టుకున్నాను. మచ్చలు ఉన్నాయి, రూపాయి బిళ్ళలంత. పగుళ్ళు లేవు. ఖాలాను రమ్మన్నాను. పెరట్లో పీట వేసుకుని, చీర దోపుకుని కాళ్ళు చాపాను. ఆఖరి నిమిషంలో ధైర్యం చాలక ఒక తువ్వాలు కాళ్ళ మీద కప్పాను. గుమ్మంలో కూర్చున్న ఖాలా లేచి వచ్చి ఆ తువ్వాలు లాగి పారేసింది.

"బిడ్డకు అమ్మమ్మ కావాలె. తువ్వాలేంది?"

పిల్లను నా కాళ్ళ మీద పడుకోబెట్టారు. నూనె రాసిన ఆ చిన్న వీపు నా ఎముకల మీద జారుతుంటే, పదిహేనేళ్ళుగా నాకు పరాయివైపోయిన కాళ్ళు తిరిగొచ్చినట్టనిపించింది. వియ్యపురాలే చెంబుతో నీళ్ళందించింది. "తల కింద చెయ్యి పెట్టు! చెవుల నీళ్ళు వోతయ్!" అని ఖాలా కేకలు. నేను కూతుర్ని పెంచినదాన్నే ఖాలా అన్నాను. "గది పాత సంగతి!" అంది. పిల్ల ఏడవలేదు. వెచ్చటి నీళ్ళకు కళ్ళు అరమోడ్చి, నా మచ్చల మీద శుభ్రంగా ఉచ్చపోసింది. అందరం నవ్వాం. నేను ఎక్కువ నవ్వానో ఎక్కువ ఏడ్చానో తెలియదు.

జబ్బు పోలేదు. పోదని చెప్పారుగా. చలికాలం పెరుగుతుంది, పరీక్షల రోజుల్లో పెరుగుతుంది, ఎండాకాలం నెమ్మదిస్తుంది. చేదు నెయ్యి అలవాటైంది. పొద్దుటి నడకలో ముగ్గురు స్నేహితులు కూడా దొరికారు. కిందటేడు పసుపు అంచు నల్లచీర కొనుక్కుని కట్టుకెళ్తే, ఖాలా నూనె చేతులు దూరంగా పెట్టుకుని, అంచు వంకే చూస్తూ "మస్తున్నది" అంది. ఊళ్ళోనే ఉండే మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్తూ పిల్లను మా ఇంట్లో దింపుతుంది, దాంతో అదీ నాతో పాటు జహనుమా వచ్చేది. కిటికీ పక్క స్టూలు దాని సింహాసనం. ఖాలా గాజులు మేకు మీద పెట్టకుండా దాని చేతులకు తొడిగేది. అవి మోచేతుల దాకా జారేవి.

డాక్టరమ్మ ఫోన్ వచ్చిన మర్నాడు ఆ నల్లచీరే కట్టుకుని ఖాలా ఇంటికి వెళ్ళాను. పరుపుల దుకాణం వెనక సందు. భుజం మీద పడ్డ దూది పింజల్ని దులుపుకోలేదు. చాప మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చింతపండు ఎక్కువ వేసే కోడలు నన్ను ఆనవాలు పట్టి, "టీచరమ్మ గద?" అంది. నిద్రలోనే పోయిందట, ఎవరిచేతా చేయించుకోకుండా. క్లినిక్ మేకుల మీద నుంచి తీసి ఉంచిన నల్లగుడ్డల మూట లోపలి నుంచి తెచ్చింది. ఎవరి గుడ్డ వాళ్ళకు ఇయ్యమని ముందే చెప్పి పెట్టిందట. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు దారాల మధ్య నా పసుపు దారం. ఒక మూల కుట్టు ఊడిపోతే ఈమధ్యే మళ్ళీ వేసినట్టుంది, ఆ చోట రంగు కొత్తగా ఉంది.

పది రోజులు ఆ గుడ్డ బీరువాలో పెట్టి ముట్టుకోలేదు. నెయ్యి కూడా సరిగ్గా తాగలేదు. నిన్న మనవరాలే దాన్ని బయటికి లాగింది. ఇక తప్పదని మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. అరచేత్తో కాళ్ళు నిమిరాను, గీరకుండా. నాలుగు కొసలూ పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నాలుగేళ్ళ పిల్ల, స్టూలు ఈడ్చుకొచ్చి ఎక్కి, నాతో పాటు గుడ్డలోకి తొంగిచూసింది.

"చిటికెడా, పిడికెడా అమ్మమ్మా?"

"చిటికెడే," అన్నాను.

అది గుడ్డ వదిలేసి నా మొహంలోకి చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"రాత్రి ఏం తిన్నవ్?"

"బీరకాయ."

"అబద్ధం. తాత ప్లేట్లోంచి వంకాయ తిన్నవ్. నేను చూసిన. ఎక్కు బల్ల!"

ఎక్కాను.